టీబీ, బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్ళకు విటమిన్ డి: అందరికీ సాషేలు వేయాలా, వద్దా?

రాయగడ మందులషాపు

సూటిగా అడుగుతున్నా. టీబీ మందుల మీద ఉన్నవాళ్ళు, పాత టీబీ వల్ల ఊపిరితిత్తి గొట్టాలు సాగిపోయి ఏటా కఫంతో, జ్వరంతో మంచం పట్టే బ్రాంకియెక్టాసిస్ వాళ్ళు విటమిన్ డి రిపోర్టు పట్టుకొస్తే చాలావరకు 20 (మి.లీ.కి నానోగ్రాములు) లోపే ఉంటోంది. విశాఖ నుంచో బరంపురం నుంచో వచ్చిన కొన్ని చీటీల్లో 60 వేల యూనిట్ల సాషే (పొడి పొట్లం) వారానికొకటి అని ఉంటుంది, కొన్నింటిలో ఆ ఊసే ఉండదు. నా వాదన ఇది: పరీక్షకు అంత డబ్బు పోసే బదులు అందరికీ ఎనిమిది వారాలు సాషే వేసేస్తే పోలా? ఖర్చు తక్కువ, హాని లేదు. విటమిన్ డి ఉంటేనే మన కణాలు టీబీ క్రిమిని చంపగలవని 2006లోనే సైన్స్ పత్రికలో వచ్చింది కదా. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

బరంపురం ఛాతీ విభాగం

"హాని లేదు" అన్న మాట దగ్గరే నా పేచీ. దానికంటే ముందు ఆ 2006 పేపరు సంగతి చూద్దాం. క్రిమిని పసిగట్టే టీఎల్‌ఆర్ అనే రిసెప్టర్ ద్వారా మాక్రోఫేజ్ (క్రిములను మింగే) కణాలను రెచ్చగొడితే వాటిలో విటమిన్ డి రిసెప్టర్ పెరుగుతుంది, కేథలిసిడిన్ అనే పెప్టైడు తయారవుతుంది, దానితో క్రిమి చస్తుంది అని అందులో చూపించారు. మంచి పనే. కానీ గాజు పళ్ళెంలో జరిగినదంతా ఒంట్లో జరగాలని లేదు.

మనుషుల మీద ఏమైందో చూడండి. 2011లో లండన్‌లో చేసిన ట్రయల్‌లో టీబీ మందులతో పాటు లక్ష యూనిట్ల డోసులు నాలుగు ఇచ్చారు. కఫం కల్చర్ (కఫంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) నెగటివ్ కావడానికి డి తీసుకున్నవాళ్ళకు 36 రోజులు, తీసుకోనివాళ్ళకు 43.5 రోజులు పట్టింది (రెండూ మీడియన్లు). ఆ తేడా గణాంకాల లెక్కకు నిలవలేదు. మన దేశంలో అవే లక్ష యూనిట్ల డోసులతో చేసిన ట్రయల్ 2015లో వచ్చింది: డి ఇచ్చినవాళ్ళకు 43 రోజులు, ఇవ్వనివాళ్ళకు 42. గినీ బిసావులో చావులు తగ్గలేదు. మంగోలియాలో 8,851 మంది బడి పిల్లల్లో సగం మందికి వారానికి 14 వేల యూనిట్లు మూడేళ్ళ పాటు ఇచ్చినా టీబీ సోకడం తగ్గలేదని 2020లో తేలింది. ఆ పిల్లల్లో దాదాపు అందరికీ డి తక్కువే, కాబట్టి "లోపం లేనివాళ్ళకు ఇస్తే ఏం పనిచేస్తుంది" అనే వాదన కూడా అక్కడ చెల్లదు.

మరి రిపోర్టుల్లో ఎందుకు తక్కువ? జబ్బు వల్ల లోపమా, లోపం వల్ల జబ్బా అన్నదే అసలు చిక్కు. జ్వరం ఉండి సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరిగినప్పుడు డిని మోసే ప్రొటీన్లు తగ్గి, రక్తంలో దాని విలువ దానంతటదే కిందికి జారుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ కాలేయంలో ఎంజైములను పెంచి ఉన్న డిని త్వరగా కరగదీస్తుంది. రోగి నెలల తరబడి ఇంట్లోనే ఉంటాడు. ఇవన్నీ కలిసి వచ్చిన అంకెను చూసి, ఈ లోపమే జబ్బు తెచ్చిందనుకుంటున్నాం.

ఇక హాని మాట. మామూలుగా డిని చురుకైన రూపానికి మార్చేది మూత్రపిండం, అదీ అవసరం మేరకే. టీబీ గ్రాన్యులోమాలోని (క్రిమి చుట్టూ కణాలు కట్టిన చిన్న గడ్డ) మాక్రోఫేజ్‌లు ఆ పని సొంతంగా చేస్తాయి, వాటికి ఆ అదుపు ఉండదు. మనం పోసేకొద్దీ అవి మారుస్తూ పోతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మలబద్ధకం, వాంతులు, తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, మగత. వాంతులు మొదలైతే అందరి చూపూ టీబీ మాత్రల మీదికే పోతుంది. ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) చేయిస్తారు, అది బాగుంటే గ్యాస్ మాత్ర రాసి పంపుతారు. కాల్షియం చూద్దామనే మాటే రాదు.

రాయగడ మందులషాపు

ఆ ట్రయళ్ళలోనే నాలుగు లక్షల యూనిట్లు పోశారు కదండీ. కాల్షియం పెరిగినవాళ్ళు చాలా కొద్దిమందే. ఎనిమిది సాషేలు వేసినా 4 లక్షల 80 వేలే, అదీ రెండు నెలల్లో.

బరంపురం ఛాతీ విభాగం

కాల్షియం ముందే ఎక్కువున్నవాళ్ళను ట్రయల్‌లో చేర్చుకోరు. చేర్చుకున్నవాళ్ళకు మధ్యమధ్యలో రక్తపరీక్ష చేస్తారు. మీరు చెప్పే పద్ధతిలో ఆ రెండూ లేవు. పైగా మన వైపు సాషేతో ఆగడం లేదు. కీళ్ళ నొప్పి అన్నవాడికల్లా 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పొడుస్తున్నారు. పది సాషేలు ఒకేసారి ఎక్కించినట్టు అది. కొవ్వులో చేరి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది, తేడా చేస్తే వెనక్కి లాగడానికి లేదు.

టీబీ మందులు మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో వచ్చే కీళ్ళ నొప్పికి చాలాసార్లు కారణం వాటిలోని పైరజినమైడ్, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలైతే ఇంకో టీబీ మందు ఐసోనియాజిడ్ వల్ల, దానికి కావలసింది పైరిడాక్సిన్ (విటమిన్ బి6). రెండింటికీ విటమిన్ డి మందు కాదు.

గుణుపురం ల్యాబ్

అంకెల దగ్గరే సగం గొడవ ఉంది, అది చెప్పి పోతాను.

చేయించవలసింది 25-హైడ్రాక్సీ పరీక్ష. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకోటి ఉంది, ఖరీదు ఎక్కువ. చురుకైన రూపం కదా అని కొందరు అదే రాస్తారు. గ్రాన్యులోమా జబ్బుల్లో మొదటిది తక్కువగా ఉండి రెండోది ఎక్కువగా ఉండొచ్చు, కాబట్టి దాన్ని బట్టి లోపం ఉందో లేదో చెప్పలేం. కాల్షియం పెరిగినప్పుడు కారణం వెతకడానికైతే పనికొస్తుంది.

యూనిట్లు చూసుకోండి. నానోగ్రాముల్లో 20 అంటే నానోమోల్స్‌లో 50. నానోమోల్స్‌లో ఇచ్చిన రిపోర్టులో 45 చూసి బాగుందనుకుంటారు, నిజానికి అది 18. ఇక 30 లోపుంటే ఎర్ర అక్షరాల్లో వచ్చే "తక్కువ" సంగతి. 20 ఉంటే చాలామందికి సరిపోతుందని అమెరికా మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ 2011లోనే చెప్పింది. అదే ఏడాది 30 గీత గీసిన ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాల్లో ఆ గీతను వదిలేసింది. మన ల్యాబుల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అదింకా పోలేదు.

కాల్షియం విషయంలో అసలు మోసం ఆల్బుమిన్‌తో, రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రొటీన్ అది. చిక్కిపోయిన టీబీ రోగికి ఆల్బుమిన్ 2.5 ఉంటుంది, కాల్షియం 9.4 వస్తుంది, నార్మల్ అని పంపేస్తారు. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుంటే అంతను 0.8తో హెచ్చించి కలపాలి: 1.5 × 0.8 = 1.2, మొత్తం 10.6. చాలా ల్యాబుల్లో పైహద్దు 10.5 దగ్గర ఉంటుంది, అంటే దాటేసినట్టే. కుదిరితే అయనైజ్డ్ (ప్రొటీన్‌కు అంటని) కాల్షియం చేయించడం మేలు. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టిన పట్టీ నిమిషానికి మించి ఉంచితే అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. ఊదా మూత ట్యూబులోని రక్తం కాల్షియానికి వాడకూడదు, అందులోని ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసి అంకెను దించేస్తుంది.

డోసు మొదలుపెట్టాక మూడు నెలల లోపు డి మళ్ళీ చేయించడం దండగ, రక్తంలో దాని అర్ధాయువే రెండు మూడు వారాలు. జ్వరంలో ఉండగా చేయించినదీ అంతే.

పర్లాకిమిడి పోషణ

పరీక్షా వద్దు, సాషే వద్దు, ఆ డబ్బు పళ్ళెంలో పెట్టండి అంటాను. ఝార్ఖండ్‌లో చేసిన రేషన్స్ ట్రయల్ 2023లో వచ్చింది. రోగి ఇంట్లోవాళ్ళకు సరుకులు ఇస్తే వాళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళలో చావులు బాగా తక్కువ. ఏ విటమిన్ డి ట్రయల్ ఇంత చూపించింది? టీబీ రోగులకు సర్కారు ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి. అది సాషేలకూ రిపోర్టులకూ పోతే గుడ్లకు ఏం మిగులుతుంది?

అయితే గుడ్లతో డి లోపం తీరుతుందని మాత్రం అనను. ఒక పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు, రోజుకు కావలసింది 600. చోడి (రాగి) అంబలి తాగితే డి వస్తుందని మన ఊళ్ళలో చెప్తుంటారు. చోడిలో ఉన్నది కాల్షియం, డి లేదు. డి కావాలంటే ఎండే. పొద్దున్న ఏడింటి లేత ఎండ దీనికి పనికిరాదు. నీడ మనిషి ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడు చేతులకు, కాళ్ళకు, వీపుకు తగలాలి. మన అక్షాంశంలో డిసెంబరులో కూడా నడిమధ్యాహ్నం నీడ కాస్త పొట్టిగానే ఉంటుంది. మే నెలలో తొమ్మిదింటికే పొట్టిదవుతుంది, నీరసంగా ఉన్నవాణ్ణి పన్నెండింటి ఎండలో కూర్చోబెట్టే పని లేదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వేడి తప్ప ఏమీ రాదు.

జయపురం ఎండీఆర్

ఎండ సలహా అందరికీ చెప్పకండి. మందులకు లొంగని మొండి టీబీకి (ఎండీఆర్) వాడే క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది, ఎండలో ఇంకా ఎక్కువవుతుంది. రంగు మారిందని మందు మానేసేవాళ్ళున్నారు. వాళ్ళకు డి నిజంగా తక్కువైతే నోటి ద్వారా ఇవ్వడమే నయం.

డాక్టరు గారు ఒకటి వదిలేశారు. 2019లో ఎనిమిది ట్రయళ్ళ రోగుల వివరాలన్నీ కలిపి చూసినప్పుడు మొత్తం మీద లాభం లేదు గానీ, ఎండీఆర్ రోగుల్లో కఫం త్వరగా శుభ్రపడింది.

బరంపురం ఛాతీ విభాగం

నిజమే. కానీ ఆ గుంపు చాలా చిన్నది. అది కొత్త ట్రయల్ పెట్టడానికి కారణం అవుతుంది, చీటీ రాయడానికి చాలదు.

రాయగడ మందులషాపు

సరే, క్రిమిని చంపే మందుగా పక్కన పెడదాం. ఎముకల మాటేమిటి? బ్రాంకియెక్టాసిస్ వాళ్ళు ఏడాదికి రెండు మూడుసార్లు స్టెరాయిడ్ మింగుతారు. ఎన్‌టీఎం (టీబీ క్రిమికి చుట్టాలైన వేరే క్రిములు) సోకినవాళ్ళు కల్చర్ నెగటివ్ అయ్యాక ఇంకో ఏడాది రిఫాంపిసిన్ మీదే ఉంటారు. 2013లో థొరాక్స్ పత్రికలో వచ్చిన బ్రాంకియెక్టాసిస్ పరిశోధనలో సగం మందికి లోపం, వాళ్ళలో సూడోమొనాస్ అనే మొండి క్రిమి కూడా ఎక్కువ. సీఓపీడీలో (గొట్టాలు ఇరుకై ఆయాసం పెట్టే దీర్ఘకాల ఊపిరితిత్తి జబ్బు) 10 లోపున్నవాళ్ళకు డి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది. వీళ్ళనూ గాలికి వదిలేద్దామా?

బరంపురం ఛాతీ విభాగం

వదలమనలేదు. సూడోమొనాస్ ఉన్నవాడికి జబ్బే ముదిరి ఉంటుంది, ఇల్లు కదలడు, డి తగ్గుతుంది. అక్కడా అదే చిక్కు. సీఓపీడీ లెక్క మాత్రం ఒప్పుకుంటాను, అది ట్రయళ్ళలో తేలినదే.

నా పద్ధతి ఇది. స్టెరాయిడ్ వాడేవాళ్ళకు, ఏడాది పైన రిఫాంపిసిన్ వాడేవాళ్ళకు, ఎముక నొప్పితో పాటు మెట్లెక్కలేని తొడల నీరసం ఉన్నవాళ్ళకు పరీక్ష రాస్తాను. 10 లోపుంటే ముందు కాల్షియం, ఆల్బుమిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) చూసి, అప్పుడు 60 వేలు వారానికొకటి, ఎనిమిది వారాలు. నాలుగో వారంలో కాల్షియం మళ్ళీ చూడాలి. 10 నుంచి 20 మధ్య అయితే నెలకొక సాషే చాలు, రోజుకు రెండు వేల యూనిట్ల లెక్క. 20 దాటితే ఏమీ రాయను. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళకు ఇంకా జాగ్రత్త. ఇంజెక్షన్ ఎవరికీ వద్దు. షాపులో సాషే లేదని కాల్సిట్రయాల్ క్యాప్సూల్ మాత్రం ఇవ్వకండి, అది నేరుగా చురుకైన రూపం.

రాయగడ మందులషాపు

పరీక్ష లేకుండా నెలకొక సాషే అయినా ఇవ్వొచ్చనే నేనింకా అంటాను. కాల్షియం పరీక్ష చవక, అది చాలు. డి పరీక్ష దేనికి?

బరంపురం ఛాతీ విభాగం

నెలకొకటైతే, కాల్షియం చూశాకే అయితే, పెద్దగా కాదనను. వారానికొకటి అంటే ఒప్పుకోను.

జయపురం ఎండీఆర్

ఇచ్చేవాళ్ళు వేళ కూడా చెప్పండి. టీబీ మాత్రలు పొద్దున్న పరగడుపున, సాషే మధ్యాహ్నం భోజనం తర్వాత పాలలో కలిపి. నూనె, కొవ్వు ఉన్న తిండితో అయితేనే డి బాగా పడుతుంది. డి అడిగితే కాల్షియం 500 మి.గ్రా., డి3 250 యూనిట్లు కలిసిన మాత్ర చేతిలో పెడుతుంటారు. లీవోఫ్లాక్ససిన్, మాక్సీఫ్లాక్ససిన్ వాడేవాళ్ళు దాన్ని వాటితో కలిపి మింగితే కాల్షియం ఆ మందును పట్టేసి రక్తంలోకి పోనివ్వదు. పొద్దున్న ఆ మందు, రాత్రి భోజనం తర్వాత కాల్షియం.