గాయంతో ఆట ఆగిన అమ్మాయికి ఎవరి సాక్ష్యం చెప్పాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో ఒకమ్మాయి కాలేజీ తరఫున 400 మీటర్లు పరుగెత్తేది. మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయ్యాక, "నేను పరుగెత్తడం దేవునికే ఇష్టం లేదేమో అక్కా" అంటోంది. వచ్చే యవ్వనస్థుల కూడికలో హెబ్రీ 12:1 (మన ముందున్న పందెంలో ఓపికతో పరుగెత్తమనే బైబిల్ వాక్యం) మీద నేను మాట్లాడాలి. తనూ వస్తుంది.

స్కాట్లాండ్ పరుగు వీరుడు, తర్వాత చైనాలో మిషనరీ అయిన ఎరిక్ లిడెల్ గురించి చెబుదామనుకున్నాను. 1923లో 440 గజాల పందెంలో ఆరంభంలోనే కిందపడి, లేచి, అందరినీ దాటి గెలిచారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) ఆదివారం ఉన్నాయని 100 మీటర్లు వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచారు. కానీ రెండూ గెలుపుతో ముగిసేవే. ఈ పిల్ల మళ్లీ ట్రాక్ ఎక్కుతుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నారు. విశ్వాసం ఉంటే గెలుస్తావన్నట్టు మాట్లాడితే ఇంకా కుంగిపోతుంది. నా మనసుకు హత్తుకున్నవి లిడెల్ చివరి రోజులే. చైనాలో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో పిల్లలకు ఆటలు ఆడిస్తూ, పాఠాలు చెబుతూ 1945లో అక్కడే కన్నుమూశారు.

ఇది ఆ వయసు పిల్లకు ఓదార్పు అవుతుందా, భయపెడుతుందా? గాయంతో ఆట ఆగిపోయినా విశ్వాసంలో నిలబడ్డవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? అప్పుడు మీకు ఏ మాట బలమిచ్చింది, ఏ మాట బాధపెట్టింది? దయచేసి చెప్పండి.