వరంగల్ కోట దగ్గర కొత్త ఇళ్లు: కాంక్రీట్ దూలం మీద సున్నం ప్లాస్టరింగ్ నిలవట్లేదు

వరంగల్ కోట దగ్గర నియంత్రిత ప్రాంతంలో, అంటే రక్షిత కట్టడానికి 100 నుంచి 300 మీటర్ల మధ్య, చిన్న హౌసింగ్ కమ్యూనిటీ డిజైన్ చేస్తున్నాం. ఉమ్మడి మండువా చుట్టూ జీ ప్లస్ వన్ ఇళ్లు, బయటి గోడలకి సున్నం. అనుమతుల సంగతి వేరే, ఇప్పుడు టెన్షనంతా ఈ సున్నంతోనే.

శాంపిల్ గోడ ఫ్లై యాష్ ఇటుకది, పైన కాంక్రీట్ దూలం. గానుగ సున్నం (గానుగలో నూరిన సున్నం) ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కరక్కాయ నీళ్లు, బెల్లం; మందం 12 మిల్లీమీటర్లు. ఇటుక మీద చక్కగా పట్టింది. దూలం మీద మాత్రం రెండో వారానికే తడితే డొల్ల శబ్దం, అంటే పూత లోపల వదిలేసింది. ఇటుక, దూలం కలిసే చోట అడ్డంగా సన్నటి పగులు.

దూలానికి గాట్లు పెట్టాం, చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టాం, తడి గోనెలు కప్పి ఉంచాం. పది శాతం సిమెంట్ కలిపితే గట్టిపడింది గానీ పగులు మళ్లీ అక్కడే. (సిమెంటే వేసేటట్టయితే సున్నం ఎందుకని మేస్త్రీ గొణుగుడు, అదీ నిజమే.) దూలాన్ని పూత లేకుండా వదిలేయొచ్చు, కానీ కోట పక్కన ఇంటింటికీ బూడిదరంగు పట్టీ నాకు నచ్చట్లేదు.

ఇలాంటి గోడల మీద సున్నం పని చేయించినవాళ్లు చెప్పండి: దూలానికి ముందు వేరే బేస్ కోటు వేయాలా, లేక కలిసే చోట గాడి వదిలి రెండు పూతల్నీ విడదీయాలా?