1500 కేలరీలే తింటున్నా 69 కిలోల దగ్గర ఆగిపోయింది, ఏం చెయ్యాలి?

బెజవాడ_34

నమస్కారం అండి. వయసు 34, ఎత్తు 158 సెం.మీ. 78 కిలోల నుంచి 69కి దిగాను. మొదట్లో చకచకా తగ్గింది, తర్వాత నెమ్మదించింది. ఇప్పుడు ఆరు వారాలుగా 68.6 నుంచి 69.8 మధ్యే ఊగుతోంది. యాప్‌లో రోజుకు 1500 కేలరీలు దాటనివ్వట్లేదు. పొద్దున రెండు ఇడ్లీలో పెసరట్టో, మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రి రెండు పుల్కాలు, కూర. గుడ్లు, చికెన్ తింటాను. శనివారం నీచు ముట్టను, ఆ రోజు ఒక్కపొద్దు. కూర్చుని చేసే ఉద్యోగం. నెల కిందట జిమ్‌లో వెయిట్స్ మొదలుపెట్టాను, వారానికి మూడు రోజులు. థైరాయిడ్ మాత్ర 50 వాడుతున్నాను.

ఇంట్లో రాత్రి భోజనం మానెయ్యమంటున్నారు. జిమ్‌లో 1000 కేలరీలకు దించమంటున్నారు. రెండింట్లో ఏది మేలు?

తూకంరాయి

రెండూ వద్దండి. ముందు అసలు ఆగిపోయిందో లేదో తేల్చుకోవాలి.

ఏ పనీ చెయ్యకుండా ఉన్నా ఒళ్లు రోజుకు ఎన్ని కేలరీలు ఖర్చుపెడుతుందో అంచనా వేసే మిఫ్లిన్ సెయింట్ జోర్ సూత్రం ప్రకారం ఆడవాళ్లకు బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసుకు 5 రెట్లూ మరో 161 తీసెయ్యాలి. 78 కిలోలప్పుడు మీకు 1436 వచ్చేది, ఇప్పుడు 1346. కూర్చునే ఉద్యోగం, మూడు రోజుల జిమ్ కాబట్టి 1.4తో గుణిస్తే రోజు ఖర్చు 78 కిలోలకు దాదాపు 2010, 69 కిలోలకు 1885. బరువు తగ్గినప్పుడు ఒళ్లు ఈ లెక్క కన్నా ఇంకొంచెం పొదుపుగా నడుస్తుంది. ఇంకో 100 తీసేసినా 1785 మిగులుతుంది. నిజంగా 1500 తింటుంటే ఇప్పటికీ రోజుకు 285 నుంచి 385 లోటు ఉండాలి. కిలో కొవ్వుకు 7700 చొప్పున చూస్తే వారానికి పావు కిలో పైచిలుకు. ఆరు వారాలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు తగ్గి ఉండాలి.

కిలోన్నరను ఒంట్లో నీరు తేలిగ్గా దాచేస్తుంది. నెలసరికి ముందు వారం చాలామందికి నీరు పడుతుంది, కొందరికి ఒకటి రెండు కిలోల దాకా. కొత్తగా వెయిట్స్ ఎత్తినప్పుడు కండలు వాచి, వాటిలో గ్లైకోజెన్ (కండలు దాచుకునే పిండిపదార్థం) పెరిగి, గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మీరు మొదలుపెట్టింది నెల కిందటే. దానికి తోడు ఆవకాయ, అప్పడాలు, బయటి బిర్యానీ ఉప్పు ఒకటి. మొదట్లో చకచకా తగ్గినదాంట్లోనూ ఈ నీటి వాటా పెద్దదే, కాబట్టి ఆ వేగాన్ని ఇప్పటి వేగంతో పోల్చకండి.

పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, మంచినీళ్లు కూడా తాగకముందే తూగండి. మెషీన్ ఎప్పుడూ గచ్చు మీద ఒకే చోట ఉండాలి, చాప మీదో కార్పెట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి, ఆ సగటే మీ బరువు. ఈ వారం సగటును పోయిన వారంతో కాకుండా, పోయిన నెలసరిలో ఇదే వారంతో పోల్చండి. నడుము కొలత కూడా తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య టైలర్ టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. బొడ్డు దగ్గర కాదు. బరువు కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గితే కొవ్వు కరుగుతున్నట్టే, అప్పుడు ఏమీ మార్చక్కర్లేదు. మన దక్షిణాసియా ఆడవాళ్లకు నడుము 80 సెం.మీ. దాటకూడదంటారు. మెషీన్ అంకె కన్నా ఆ గురి మంచిది.

సగటూ కదలక, నడుమూ కదలకపోతే మాత్రం మీరు తినేది 1500 కాదు.

వంటింటి_లెక్క

పై మాట చివరి వాక్యం దగ్గర అందుకుంటాను. ఇది మిమ్మల్ని తప్పు పట్టడం కాదు. 1992లో న్యూయార్క్‌లో, ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదనేవాళ్లను కొలిచి చూస్తే, రాసుకున్న దానికీ నిజంగా తిన్నదానికీ సగటున 47 శాతం తేడా వచ్చింది. అబద్ధం చెప్పి కాదు, కంటి అంచనా వల్ల. మన వంటలో కంటికి అందనివి ముఖ్యంగా రెండు: నూనె, అన్నం.

నూనె గ్రాముకు 9 కేలరీలు. చెయ్యి వాటంగా పోసిన పోపులో రెండు టేబుల్‌స్పూన్లు ఉంటే 240 అయిపోయింది. యాప్‌లో "వంకాయ కూర, ఒక కప్పు" అని నొక్కితే అది ఎవరి వంటింటి వంకాయ కూరో తెలీదు. అరకిలో వంకాయలు వేపుడు చేస్తే 60 గ్రాముల నూనె సులువుగా తాగేస్తాయి, అంటే ఒక్క కూరలోనే 540. ఇంట్లో మీరొక్కరే వండకపోతే ప్రతి పోపునూ కొలవడం కుదరదు. అప్పుడిలా చెయ్యండి. ఆదివారం పొద్దున నూనె క్యాను కిచెన్ కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. వచ్చే ఆదివారం మళ్లీ తూచండి. మధ్యలో కొత్త ప్యాకెట్ పోస్తే లీటరుకు 910 గ్రాములు కలపండి. తేడాను 7తో, తర్వాత తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. నలుగురున్న ఇంట్లో వారానికి లీటరు అయితే మనిషికి రోజుకు 32 గ్రాములు, 290 కేలరీలు. యాప్‌లో మీరు ఎంత రాశారో పక్కన పెట్టి చూడండి. నెయ్యి, కొబ్బరి, పల్లీలు దీనికి అదనం. ఇడ్లీ ఒక్కోటి 50, 60కి మించదు, పక్కనున్న పల్లీ చట్నీ అంతకు అంత ఉంటుంది. పల్లీలు 20 గ్రాములకే 110 దాటుతుంది.

ఇక అన్నం. యాప్‌లో కప్పు అంటే సాధారణంగా 158 గ్రాముల అన్నం, 205 కేలరీలు. మన ఇంట్లో గిన్నెడు, గోపురంగా పెడితే 280 గ్రాములు ఉంటుంది. పైగా అత్తెసరుకూ గంజి వార్చిన దానికీ నీరు వేరు, కాబట్టి మీ అన్నానికి మీరే లెక్క కట్టుకోవాలి. ఖాళీ గిన్నె బరువు ముందు రాసుకోండి. 300 గ్రాముల బియ్యం వండారనుకుందాం, అది 1050 కేలరీలు. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే 840 గ్రాముల అన్నం వచ్చింది. అంటే 100 గ్రాములకు 125. ఒకే బియ్యం, ఒకే నీళ్ల కొలత అయితే ఈ లెక్క ఒక్కసారి చేస్తే చాలు.

పప్పుకూ ఇదే పద్ధతి, కానీ ఇక్కడ ఇంకో విషయం బయటపడుతుంది. 150 గ్రాముల కందిపప్పు, 15 గ్రాముల నూనె, టమాటా కలిపి వండితే 900 గ్రాముల పప్పు అయిందనుకోండి. మొత్తం 650 కేలరీలు, 33 గ్రాముల ప్రోటీన్. మీ కంచంలో పడే 150 గ్రాముల్లో ప్రోటీన్ ఐదున్నర గ్రాములే. "పప్పు తింటున్నాం కదా" అనుకుని ప్రోటీన్ ఖాతాలో రాసేసుకోవడం మన ఇళ్లలో చాలా మామూలు పొరపాటు.

మన దినుసుల విలువలకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూడండి, విదేశీ యాప్ అంకెల కన్నా నమ్మదగినవి. పచ్చి దినుసు బరువుతోనే చూడాలి.

రెండు వారాలు ఏమీ తగ్గించకుండా, ఇప్పుడు తినేదే తింటూ, ఇలా తూచి మాత్రమే రాయండి. నిజంగా 1500 వచ్చి, పై సగటు కూడా కదలకపోతే అప్పుడు 150 తగ్గించండి, అదీ నూనె నుంచి.

ఇనుము_లక్ష్యం

అక్కా, 1000కి దించమన్న మాట మాత్రం వినకండి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా 1200 కన్నా కిందకు పోకూడదు. అంత తక్కువలో కొవ్వుతో పాటు కండ పోతుంది, రెండు మూడు నెలలకు జుట్టు ఊడుతుంది, బరువు మరీ వేగంగా దిగితే పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదం కూడా ఉంది. అన్నిటికన్నా ముందు మీకు తెలియకుండానే కదలిక తగ్గిపోతుంది. లిఫ్ట్ ఎక్కుతారు, నీళ్ల బాటిల్ కోసం లేవరు, సాయంత్రం సోఫాలో కూలబడతారు. అలా రోజుకు 200, 300 ఆవిరైపోతే తిండి తగ్గించిన లాభం అక్కడికక్కడే సరి.

అందుకే ఫోన్‌లో పాత నెలల అడుగుల లెక్క ఒకసారి తీసి చూడండి. తగ్గి ఉంటే ముందు అది సరిచెయ్యాలి. ఇప్పుడున్న దానికి రోజూ 2000 అడుగులు కలిపితే, ఇరవై నిమిషాల నడక, మీ బరువుకు 60 కేలరీల దాకా వస్తుంది. చిన్నదే, కానీ రోజూ ఆగకుండా వచ్చేది. ట్రెడ్‌మిల్ తెర మీద 300 అని కనిపిస్తే అంత తినొచ్చని మాత్రం అనుకోవద్దు, అవి ఎక్కువే చూపిస్తాయి.

వెయిట్స్ వదలకండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, రో, చెస్ట్ ప్రెస్, తల మీదకెత్తే ప్రెస్, ఒక్కోటి 3 సెట్లు, 8 నుంచి 12 సార్లు. 12 సునాయాసంగా వచ్చిన రోజున రెండున్నర కిలోలు పెంచండి. ఎత్తే బరువు వారం వారం పడిపోతుంటే తిండి మరీ తక్కువైందని గుర్తు.

ప్రోటీన్ కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే మీకు 83 నుంచి 110. మీరు రాసిన మెనూలో 45 కూడా ఉండదు. పొద్దున పెసరట్టుతో రెండు గుడ్లు, మరో రెండు తెల్లసొనలు. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం అన్నం, తూకానికి 120 గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్, గరిటెడు పప్పు, 200 గ్రాముల పెరుగు. రాత్రి ఒక పుల్కా, 40 గ్రాముల మీల్ మేకర్ కూర, దాంతోనే 20 గ్రాములు వస్తుంది. మొత్తం 95 దగ్గర పడుతుంది, కేలరీలు 1450 లోపే. శనివారం చికెన్ బదులు అంతే పనీర్ వేసుకుంటే లెక్క తప్పుతుంది. 100 గ్రాముల పనీర్ 18 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 280 కేలరీలు తెస్తుంది, చికెన్ అందులో సగం కూడా ఉండదు. ఆ రోజు కూడా మీల్ మేకరే మేలు.

నాలుగైదు నెలలుగా లోటులోనే ఉంటే, ఆకలి విపరీతంగా ఉండి నిద్ర సరిగా లేకపోతే, రెండు వారాలు 1800కి పెంచి ఆగడం కూడా మంచి మార్గమే. పెంచేది ఎక్కువగా అన్నం రూపంలోనే ఉండాలి. మొదటి మూడు రోజుల్లో అరకిలో, కిలో పెరుగుతుంది. అది నీరు, కంగారుపడి మధ్యలో ఆపొద్దు. ఆస్ట్రేలియాలో ఊబకాయమున్న మగవాళ్ల మీద ఇలా రెండు వారాలు తగ్గించి రెండు వారాలు ఆపి చూస్తే, ఆపకుండా తగ్గించినవాళ్ల కన్నా ఎక్కువ తగ్గారు. తర్వాత అన్ని పరిశోధనల్లోనూ ఆ ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని మంత్రంలా చూడకండి. మనసుకూ ఒంటికీ తెరిపి ఇస్తుంది, దానికోసమైనా చెయ్యొచ్చు.

మందుల_షాపు

థైరాయిడ్ మాత్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎలా వేసుకుంటున్నారు? పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫిన్‌కీ కనీసం అరగంట, కుదిరితే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. జుట్టుకని బయోటిన్ వాడుతుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు, డోసు తప్పుదారి పడుతుంది.

టీఎస్‌హెచ్ సరిగ్గా ఉంటే మాత్రం బరువు ఆగడానికి థైరాయిడ్‌ని తప్పుపట్టలేం. బరువు కోసం డోసు మీరే పెంచుకోవడం అసలు చెయ్యకూడదు, గుండె దడ, ఎముకల అరుగుదల వస్తాయి. స్టెరాయిడ్లు, మూర్ఛకిచ్చే వాల్ప్రోయేట్, షుగర్‌కిచ్చే గ్లిమిపిరైడ్, ఇన్సులిన్, డిప్రెషన్‌కిచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. వాడుతుంటే సొంతంగా మానకుండా డాక్టర్‌ని అడగండి. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) పరీక్ష కూడా చేయించుకోవాలి.

బెజవాడ_34

మాత్ర వేసుకున్న పది నిమిషాలకే కాఫీ తాగుతున్నాను, రేపటి నుంచి మారుస్తాను. కాటా ఆర్డర్ పెట్టాను. ఇంకొక్క సందేహం. శనివారం ఒక్కపొద్దు కదా, రాత్రి టిఫినే. ఆ రోజు తక్కువే తింటాను కాబట్టి యాప్‌లో రాయను. పర్లేదా?

వంటింటి_లెక్క

అదే రాయాలండి. ఒక్కపొద్దు రోజు మధ్యాహ్నం ఆకలి మీద అన్నం రెండోసారి పెట్టించుకుంటాం, పప్పులో నెయ్యి కూడా ధారాళంగా పడుతుంది. రాత్రి ఉప్మా అనుకుంటే 60 గ్రాముల రవ్వ 210, పోపు నూనె 15 గ్రాములు 135, ఆరేడు జీడిపప్పులు 60, మొత్తం 400 దాటింది. దోసెలైతే అట్టుకో చెంచా నూనె, పక్కన చట్నీ. వారంలో ఆరు రోజులు 300 చొప్పున మిగిల్చిన 1800లో ఆ ఒక్క రోజే 600 పోవచ్చు.

ఒక్కపొద్దు మానక్కర్లేదు. రాత్రికి పెసరట్టు వేసుకోండి, పెనం మీద నూనె చెంచాతో పోయకుండా సగం ఉల్లిపాయతో రుద్దండి. చట్నీ బదులు అల్లం పచ్చడి, అందులో బెల్లం తగ్గించి. గ్లాసు పలచటి మజ్జిగ. ఈ శనివారం మాత్రం మామూలుగా ఏం తింటారో అదే తిని, తూచి రాసి అంకె ఇక్కడ పెట్టండి, ఎక్కడ కొయ్యాలో అప్పుడు చూద్దాం.