పక్క సైటులో వయ్యారిభామ, ఎలా వదిలించుకోవాలి?

బెంగళూరులో మా ఇంటి పక్క ఖాళీ సైటు నిండా వయ్యారిభామ కలుపు మొక్కలే. ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. పేరుకే వయ్యారం, ఉత్త చేతులతో పీకిన మా నాన్నగారికి మెడ దాకా దద్దుర్లు! అమెరికా ఖండాల మొక్కట ఇది, దిగుమతి గోధుమలతో వచ్చి 1950లలో పుణెలో కనబడిందంటారు. ఆస్ట్రేలియా, ఇథియోపియాలనూ వదల్లేదు.

పూత రాకముందే పీకాలని తెలుసు, కానీ సగం పూసేసింది. ఒక్కో మొక్కకు వేల విత్తనాలు. ఉప్పునీళ్లు కొడితే గోడ పక్కన మా కరివేపాకు పోతుందేమోనని టెన్షన్. దీని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగుల్ని 1984లో బెంగళూరులోనే వదిలారు కదా, అవి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయా? పూసినవాటిని పీకి కంపోస్టులో వేయొచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి.