సమస్యాపూరణం: ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య భానుమతిగారి మీద. కింది పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. మల్లీశ్వరి పాటలు వింటుంటే ఈ పాదం దానంతట అదే నోటికొచ్చింది, మార్చబుద్ధి కాలేదు.

ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

గాయని, నటి, దర్శకురాలు అన్న మూడు మాటలు పేర్చి ఊరుకోకండి. ఆదివారం రాత్రి వరకు గడువు.

ఒంగోలువాసి:
మా దొడ్డవరం ఆడపడుచు మీద సమస్య ఇస్తే మొదటి పూరణ మా జిల్లా నుంచే రావాలి.

గొంతు తనదియె, నటనయు గొప్పగాను
చేసె, చిత్రమ్ము నడిపించె చేవ చూపి
భానుమతి పేరు తెలుగింట భాసిలంగ
ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

కృష్ణాతీరం:
ఒంగోలువాసిగారూ, ధార బాగుంది. కానీ వద్దన్న మూడు మాటలే మూడు పాదాలకి సర్దారు. అసలు చిక్కు 'తెరపైన' అన్న చోట ఉంది. దర్శకురాలు తెర మీద ఎక్కడ కనిపిస్తుంది? కెమెరా వెనకాల ఉంటుంది. పాడే మనిషీ తెర మీద ఉండదు. మీ లెక్కన తెరపైన ఉన్నది ఒక్కరే.

చెన్నపట్నం అక్కయ్య:
పాట సంగతి అంత తేలిగ్గా తీసేయకు తమ్ముడూ. పెదవి కదిపేది ఒకరు, పాడేది ఇంకొకరు అనే పద్ధతి గట్టిపడిపోయిన రోజుల్లో కూడా ఆవిడ పాట ఆవిడే పాడుకుంది. 1945లో స్వర్గసీమ చూసినవాళ్లు ఆ పావురం పాటని, పాడుతున్న ఆ ముఖాన్ని విడదీసి చెప్పలేదు. ఆవిడ విషయంలో గొంతు తెర మీదే ఉంది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషి ఆవిడ. నటిగా ఉంటూ సరదాకి పాడిన గొంతు కాదు. అందుకే 'గొంతు తనదియె' అన్న ఎత్తుగడ నాకు చాలా నచ్చింది.

కృష్ణాతీరం:
గొంతు వరకు ఒప్పుకుంటాను అక్కయ్యా. దర్శకత్వం దగ్గర మాత్రం ఒప్పుకోను. ఆ చిక్కు విప్పాలనే ఇది రాశాను.

చండి యొకవంక, కవలయౌ చంప యొకట;
ఇద్దఱైరట, మూడవ దెవరటన్న,
పేరు దర్శకురాలిగా వెలిగె నచట
ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

1953 చండీరాణిలో ఆవిడవి రెండు పాత్రలు. ఆ సినిమాకి దర్శకత్వమూ ఆవిడదే. టైటిల్స్‌లో పేరు పడేది తెర మీదే కదా! ఒక్క సినిమా, ఒక్క తెర, ముగ్గురు.

ఒంగోలువాసి:
బాగా పట్టారు, ఒప్పుకుంటున్నాను. కానీ మూడో పాదంలో 'పే'కి 'వె'తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, చెవికి ఆనలేదు.

నిర్వాహకుడు:
ప-వ మైత్రి ఉంది, ఇబ్బంది లేదు. పేరుని మూడో మనిషిగా నిలబెట్టడం మంచి ఊహ. భర్త రామకృష్ణారావుగారు స్వయంగా దర్శకులు. లైలా మజ్ను, ప్రేమ, విప్రనారాయణ ఆయనవే. ఇంట్లో అంత అనుభవం ఉన్న దర్శకుడు ఉండగా, ముప్పై నిండకముందే ఈవిడ ఆ కుర్చీలో కూర్చుంది. అదీ ఒకేసారి మూడు భాషల సినిమాకి. ఆ ధైర్యం పద్యంలో ఇంకొంచెం కనిపిస్తే బాగుండేది.

గోదారిగట్టు:
మూడు భాషల మాట మీరే అన్నారు కాబట్టి నా పూరణ.

తెలుగు తమిళమ్ము హిందీల తీరులందు
చండిరాణియె మూడుగా సందడించె
భరణి సంస్థకు భానుమతి ప్రాణమయ్యె
ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

కృష్ణాతీరం:
మూడో పాదం, మూడో గణం, అంటే మూడో అక్షరాల గుంపు చూసుకోండి. ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువైంది. 'భానుమతి' మొత్తం ఒక గణంలో ఇమడదు, విరిచి రెండు గణాల్లో వేయాల్సిందే. పైన ఒంగోలువాసిగారు అదే చేశారు. పోనీ గణం సరిచేశారనుకుందాం. మూడు భాషల ప్రింట్లు మూడు వేరు వేరు తెరల మీద ఆడాయి. 'ఒక్క తెర' ఏమైంది? పైగా మూడింటిలోనూ ఉన్నది అదే చండి. ఆవిడ ముగ్గురు కాలేదు, సినిమా మూడైంది.

గోదారిగట్టు:
'భరణి సంస్థకు తానెగా ప్రాణమయ్యె' అని మార్చుకుంటున్నాను. అయితే గణాల గురించి మీరు ఇంత పట్టుగా మాట్లాడుతుంటే పోయిన నెల మిస్సమ్మ సమస్యకి మీరు ఇచ్చిన పాదం గుర్తొస్తోంది. 'మేరి వేషమ్ము సావిత్రి మెఱపు లయ్యె.' సినిమా అంతా మేరీ, మేరీ అని పిలుస్తారు. గణం కోసం ఆ దీర్ఘాన్ని మీరు మింగేశారు. ఆ రోజు ఎవరూ అడగలేదు, ఇప్పుడు నేను అడుగుతున్నాను.

కృష్ణాతీరం:
అన్యదేశ్యాల్లో, అంటే పరభాషా పదాల్లో, చివరి దీర్ఘం కుదించడం తెలుగు పద్యానికి కొత్త కాదు. మీ లఘువు సంగతి వేరు, అది గణభంగం.

పల్నాటి పంతులు:
ఆ పాదంలో దీర్ఘం కన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఆ వేషానికి ముందు తీసుకున్నది భానుమతిగారిని. ఆవిడ తప్పుకున్నాక సావిత్రి చేతికి వచ్చింది, సావిత్రి వదిలిన వేషం జమునకి వెళ్లింది. మిస్సమ్మ మీద పద్యం రాస్తూ ఆ మలుపు వదిలేయడం అన్యాయం. ఆ పాత్ర చేజారినా ఆవిడ ఆగలేదు. భరణి అనే సొంత సంస్థ ఉంది, సొంత స్టూడియో ఉంది, చెప్పాలనుకున్న కథలు ఉన్నాయి.

చెన్నపట్నం అక్కయ్య:
కథలంటే గుర్తొచ్చింది. ఆవిడ రాసిన అత్తగారి కథల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం! ముగ్గురు కాదు, నలుగురని సమస్య ఇవ్వాల్సింది.

నిర్వాహకుడు:
నిజమే అక్కయ్యా. కానీ 'తెరపైన' అన్నాను కాబట్టి అత్తగారు ఈసారి ఇంట్లోనే ఉండాలి.

పల్నాటి పంతులు:
నా పూరణ. కళలు మూడు అన్న దారి వదిలేశాను.

బాల కాళింది, బావకై పడుచు మల్లి
యెదురు చూచెను, మంగమ్మ యెదుట నిలిచె
ముద్దు మనుమని బామ్మయై ముదిమి వేళ
ఒక్క తెరపైన ముగ్గురై యొదిగె నొకతె

1939 వరవిక్రయంలో కట్నానికి బలైన కాళింది. 1951 మల్లీశ్వరిలో మల్లి. 1984 మంగమ్మగారి మనవడులో మంగమ్మగారు. నలభై అయిదేళ్ల దూరం, ముగ్గురు మనుషులు, ఒకతె.

ఒంగోలువాసి:
పంతులుగారూ, చేతులెత్తి నమస్కారం. 'బావకై పడుచు మల్లి' దగ్గర పాదం విరిచి, ఎదురుచూపుని రెండో పాదంలోకి నెట్టారు. ఆ విరుపులో మల్లి నిజంగానే ఎదురు చూస్తోంది.

గోదారిగట్టు:
పద్యం గొప్పగా ఉంది, సందేహం లేదు. కానీ కృష్ణాతీరంగారు నాకు వేసిన 'ఒక్క తెర' ప్రశ్న ఇక్కడ ఎందుకు వేయడం లేదు? ఇవీ మూడు సినిమాలే కదా.

కృష్ణాతీరం:
వేయను. మీ పూరణలో మనిషి మారలేదు. ఇక్కడ మారింది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లగా కాళింది వేసిన మనిషే తర్వాత మనవణ్ని అదిలించే మంగమ్మ అయింది. ఆ ముగ్గురికీ వేదిక అయిన వెండితెర ఒక్కటే. నా పూరణలో ఊహ ఉంది, పంతులుగారి పూరణలో ఆవిడ జీవితం ఉంది. నా ఓటు ఆయనకే.

చెన్నపట్నం అక్కయ్య:
కృష్ణాతీరం తమ్ముడు ఇంకొకరి పద్యానికి ఓటు వేయడం నేను ఇక్కడ చూడటం ఇదే మొదలు. పంతులుగారికి ఇంతకన్నా బహుమతి అక్కర్లేదు. ఒక్క లోటు మాత్రం చెప్పాలి. ఆ పద్యంలో పాట లేదు. మల్లి అనగానే మా చెవుల్లో కృష్ణశాస్త్రిగారి మాట, రాజేశ్వరరావుగారి బాణీ, ఆవిడ గొంతు కలిసి వినిపిస్తాయి. 'ఎదురు చూచెను' బదులు పాడుతూ ఎదురుచూసిందని అనగలిగితే?

పల్నాటి పంతులు:
ప్రయత్నించాను అక్కయ్యా. పాట పెడితే మంగమ్మ రెండో పాదంలో పట్టడం లేదు. మంగమ్మని వదలలేకపోయాను.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం పంతులుగారిది. ఊహకి కృష్ణాతీరంగారిని, ఎత్తుగడకి ఒంగోలువాసిగారిని మెచ్చుకుంటున్నాను. గోదారిగట్టుగారి సవరణ చేర్చాను, పద్యం ఇప్పుడు నిలుస్తుంది. రామకృష్ణారావుగారి మాట వచ్చింది కాబట్టి వచ్చే వారానికి ఇది:

భర్త యుండగ భార్యయే కర్త యయ్యె

గోదారిగట్టు:
ప్రాసయతి పాదం, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలైన 'ర్త'లు జత కలిశాయి. ఈసారి మొదటి పూరణ నాదే. కృష్ణాతీరంగారూ, లఘువులు లెక్కపెట్టుకోండి.