‘చూడ చూడ’నా, ‘చూడఁ జూడ’నా?

ఆదోని టీచరమ్మ: తొమ్మిదో తరగతికి సీ, లుక్, వాచ్ మూడూ చెప్పి, మూడింటికీ ‘చూడు’ అనే రాయించాను. వెనక బెంచీ పిల్లోడు లేచి, ‘రుచి చూడు అంటాం కదా మేడమ్, దానికి సీ పనికిరాదా?’ అన్నాడు. టేస్ట్ అని చెప్పి కూర్చోబెట్టాను గానీ అప్పటి నుంచీ ఒకటే తొలుస్తోంది. వేమన పద్యం ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు’లో చూడడం కంటితోనా, నాలుకతోనా? ఇంగ్లీషులో చెప్పాలంటే ఏ వెర్బ్ వాడాలి?

ప్రొద్దుటూరు: ముందు పాఠం సరిచేసుకుందాం మేడమ్. అది ‘చూడఁ జూడ’. చూడన్ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట. దాని తర్వాత ‘చ’ వస్తే ‘జ’ అవుతుంది. ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు’. చిన్నయసూరి మొహమాటపడలేదు, మనకెందుకు?

కదిరి: వేమన్న చిన్నయసూరికి ముందువాడప్పా. ఆయన చెప్పింది జనం నోట నిలిచింది. మా పక్క ఎవరి నోటా ‘జూడ’ నేను వినలేదు.

ప్రొద్దుటూరు: సూత్రం వెనకొచ్చినా భాష ముందే ఉంది కదన్నా. వేమన పద్యమే చూడు: ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచునుండు’. మధ్యలో ఆ ‘న’ ఎక్కడిది? అనగన్‌లోని ద్రుతమే. కథ చెప్పేటప్పుడు ‘అనగనగా’ అంటాం. పద్యంలో ఆ ఒక్క ‘న’ తీసేస్తే గణాలు చెదిరిపోతాయి. ద్రుతం అక్కడ బతికి, ఇక్కడ చచ్చిపోతుందా?

నంద్యాల: అక్కడ ఛందస్సు అడిగింది కాబట్టి ఉంది. ఇక్కడ అడగలేదు. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. అయిదు సూర్యగణాలూ సరిపోయాయి. యతి పడేది నాలుగో గణం మీద. చూకీ జాకీ అచ్చు కుదరదు, కాబట్టి రెండో అక్షరం ‘డ’ కలిపిన ‘చూడ–జాడ’ ప్రాసయతి. రెండో గణంలో చూ ఉన్నా, జూ ఉన్నా పద్యానికి నష్టం లేదు. ఈ తగవు ఛందస్సు తీర్చదు.

కడప: బ్రౌన్ 1820లో మా కడపకు వచ్చి, ప్రతులు వెతికించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించకపోతే ఈ తగవు కూడా ఉండేది కాదు.

కదిరి: వేమన్న సమాధి మా కటారుపల్లిలో ఉండాది. బ్రౌన్ బంగళా మీరే ఉంచుకోండి.

ఆదోని టీచరమ్మ: కన్నా, నాలుకా?

తాడిపత్రి: కన్నే మేడమ్. ‘రుచి’ అనగానే నోరు గుర్తొస్తుంది గానీ, సంస్కృతంలో రుచి అంటే కాంతి కూడా. అప్పుడు పోలిక, చూడడం, రుచి, జాడ అన్నీ కంటి పనులే. ఉప్పు మెరుపు వేరు, కర్పూరం మెరుపు వేరు.

కదిరి: గోచీ కూడా లేని మనిషికి అమరకోశం తొడగొద్దు సార్. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నాయన రుచి అంటే రుచే.

తాడిపత్రి: మంచి పద్యమే తెచ్చావు. అక్కడ తినగ తినగ అంటే తింటా ఉంటే, కాలం గడిస్తే అని. ఇక్కడా చూస్తా ఉంటే అనే. ఒకసారి నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయే ఉప్పుకు ‘చూడచూడ’ అని రెండుసార్లు ఎందుకు?

నంద్యాల: నాకు ‘జాడ’ మీదే కన్ను. గొర్రె తప్పిపోతే జాడ పట్టేది చూసి చూసే కదా. నా లెక్కలో ఇక్కడ చూచు అంటే పరీక్షించు. ‘చేసి చూడు’, ‘అడిగి చూడు’లో ఉన్నదీ అదే. కన్ను, నాలుక రెండూ అందులోనే వస్తాయి.

ప్రొద్దుటూరు: అన్నీ వస్తాయంటే ఏదీ తేల్చనట్టే. ‘మా అమ్మను చూసుకుంటా’ అంటే సేవ. ‘నిన్ను చూసుకుంటా’ అంటే, మన సీమలో, తలుపు గడియ వేసుకోవాలి. అప్పు అడిగితే ‘చూద్దాంలే’ అన్నాడంటే లేదని. పరీక్ష ఎక్కడుంది వీటిలో?

కర్నూలు: అసలు కర్పూరం ఎవరు రుచి చూశారు స్వామీ? హారతి కర్పూరం నోట్లో వేసుకోరు కదా.

కడప: పచ్చకర్పూరం వేరు. తిరుమల లడ్డూలో తగిలేది అదే. నాలుక మీద చల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. వేమన చెప్పిన కప్పురం అదే అయ్యుంటుంది, అంటే నాలుకే.

తాడిపత్రి: పచ్చకర్పూరం అని పద్యంలో ఎక్కడుంది?

ఆదోని టీచరమ్మ: టేస్ట్ అనే చెప్పనా మరి?

ప్రొద్దుటూరు: ఏదైనా చెప్పండి మేడమ్. బోర్డు మీద మాత్రం అరసున్నతో ‘చూడఁ జూడ’ అని రాయండి.

కదిరి: రాయొద్దు మేడమ్. అరసున్న ఏందని ఆ పిల్లోడు మళ్లీ లేస్తాడు.