పోతన కందంలో ‘నలోకంబగు’నా, ‘నాలోకంబగు’నా?

హనుమకొండ సభ్యుడు: దర్శకుడు క్యూబ్రిక్ సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) మళ్లీ చూశాను. వానరం విసిరిన ఎముక కిందికి వస్తుండగానే తెరమీద ఉపగ్రహం! అప్పటినుంచి గజేంద్రమోక్షంలోని కందం నన్ను వదలడం లేదు. ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగిన తుది...’ తర్వాత ‘నలోకంబగు’నా, ‘నాలోకంబగు’నా? ఆపైన ‘పెంజీకటి కవ్వల నెవ్వండేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’. అంటే లోకాలు, వాటి పాలకులు, అందులోనివారు అంతా నశించాక మిగిలే పెనుచీకటికి అవతల ఒకే ఆకృతితో వెలిగేవాణ్ణి సేవిస్తానని. ఆలోకమంటే వెలుగు. సినిమా చివర వ్యోమగామి దూసుకుపోయేదీ వెలుగుల్లోకే.

జనగామ సభ్యుడు: దీర్ఘం కుదరదండీ. కందంలో ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. ‘న తుది న’ నలం. ‘నా’ పెడితే రెండూ కాదు. పైగా వెంటనే ‘పెంజీకటి’ ఉంది.

కాజీపేట సభ్యురాలు: గణం సరే, అర్థం? ‘అలోకం’ అంటే లోకాలు లేనిదనా, చూపుకు అందనిదనా? లోక ధాతువుకు చూడటమనే అర్థం ఉంది. నాది రెండో పక్షం. ఆ సినిమా కూడా బొమ్మ లేని నల్లటి తెరతో, ఉత్త సంగీతంతో మొదలవుతుంది. చూసే మనిషి ఇంకా పుట్టలేదు.

జనగామ సభ్యుడు: మూడుసార్లు జగత్తు అయిన ‘లోకం’ నాలుగోసారి చూపు ఎలా అవుతుంది?

కాజీపేట సభ్యురాలు: ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ చదవండి. నమ్మకంగా మొదలైన మాటనే సందేహంగా తిప్పిన కవి ఆయన.

పాలకుర్తి సభ్యుడు: పోతన ఊరు బమ్మెర మా మండలమే కనుక ఒక మాట. పోతన చాటువుగా చెప్పుకునే ‘హాలికులైన నేమి’లో నాగలి ఉంది, గుద్దలి ఉంది. రెండూ ‘నిజదార సుతోదర పోషణార్థమై’, అంటే ఆలుబిడ్డల కడుపు నింపడానికే. సినిమాలో అదే ఎముకతో ముందు జంతువును కొట్టి తింటారు, ఆ తర్వాతే నీటిగుంట కోసం సాటి వానరాన్ని చంపుతారు. అందరూ హత్యనే గుర్తుంచుకుంటారు. మనిషిని చేసింది ఆయుధమంటే నేను ఒప్పుకోను, ఆకలి తీర్చిన పనిముట్టే చేసింది.

కాజీపేట సభ్యురాలు: మరి హాల్ సంగతి? ఆకలి ఎరుగని ఆ కంప్యూటర్ కూడా వ్యోమగాములను చంపింది. దాని జ్ఞాపకాలను ఊడదీస్తుంటే భయంగా ఉందంటుంది. నాకు ఆ సినిమాలో అందరికంటే మనిషిలా వినిపించిన గొంతు అదే.

హనుమకొండ సభ్యుడు: ఎముక పట్టకముందే వానరాలు నల్లటి శిలను తాకాయి కదా. బుద్ధి ‘అవ్వల’ నుంచే వచ్చింది. ‘ఏకాకృతి’ని ఎవరూ పట్టించుకోలేదు. భూమి మీద, చంద్రుడి మీద, బృహస్పతి దగ్గర ఆ శిలది ఒకే ఆకృతి.

జనగామ సభ్యుడు: శిల నలుపు. పద్యంలో ‘వెలుగు’ అనే క్రియ ఉంది, దాన్నేం చేస్తారు?